సన్నాయికి మొదటి పాఠం మోహనలో

చిరంజీవి నాయనా, ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు సిలబస్ చిత్తుప్రతి అందాయి. మీ తాతగారు ఊదిన ఊరి సన్నాయిని సంగీత కళాశాలలో పాఠంగా పెట్టించాలన్న నీ పట్టుదల చూసి సంతోషించాను. చిత్తుప్రతి చూశాక మాత్రం ఊరుకోలేకపోయాను. నువ్వు రాసింది గాత్రం సిలబస్. పైన పేరు మార్చావు, అంతే.

మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, తర్వాత గీతాలు. పురందరదాసు వేసిన బాట కదా మాస్టారూ అంటావు. గొంతుకూ వీణకూ అంతకంటే మంచి బాట లేదు, ఒప్పుకుంటాను. ఊదే వాద్యం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. మన వేణువు మీదైనా నాదస్వరం మీదైనా రంధ్రాలను నిండుగా మూసి నిండుగా తెరిస్తే పలికేది హరికాంభోజి రాగం. మాయామాళవగౌళలో ఉండే శుద్ధ రిషభం కావాలంటే రంధ్రాన్ని సగం మూయాలి, ఊపిరి సర్దాలి, పెదవి బిగువు చూసుకోవాలి. శుద్ధ ధైవతానికీ ఇదే తంతు. వేలు ఎక్కడ ఆనించాలో తెలియని పిల్లవాడికి మొదటి వారంలోనే ఈ మూడూ చెప్పావనుకో, వాడికి వచ్చిన అపస్వరాన్నే రిషభం అనుకొని ఏడాదంతా సాధన చేస్తాడు. ఆ తర్వాత దాన్ని వదిలించడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు.

అందుకే మోహన రాగంతో మొదలుపెట్టు. స రి గ ప ద, అయిదూ హరికాంభోజిలో ఉన్నవే, సగం రంధ్రాలతో పని లేదు. వేళ్ళు కుదురుకున్నాక మధ్యమం, నిషాదం కలిపి హరికాంభోజి పూర్తిచెయ్యి. మాయామాళవగౌళకు రెండో ఆరు నెలల్లో రావచ్చు. బోర్డు వాళ్ళతో తగవు పెట్టుకోకు. దాన్ని తీసేయమని అడిగితే సంప్రదాయం మంటగలుపుతున్నాడంటారు. వెనక్కి జరపమని మాత్రం అడుగు, వాద్యం చేతిలో పట్టుకెళ్ళి వాళ్ళ ముందే ఊది చూపించు.

ఒక సంగతి. నాదస్వరం రంధ్రాలకు ఒక లెక్క ఉంది. ఊరి సన్నాయికి ఒక్కో పనివాడి చేతిలో ఒక్కో కొలత పడుతుంది. నీ దగ్గరున్న వాటిని శ్రుతి పెట్టె పక్కన పెట్టుకొని, ఏ రంధ్రం ఏ స్వరం పలుకుతోందో ముందు రాసుకో. పిల్లలందరికీ ఒకే శ్రుతిలో ఉన్నవి దొరక్కపోతే కోర్సు మొదలుపెట్టకు. ఒక్కో సన్నాయి ఒక్కో శ్రుతిలో ఉంటే అది క్లాసు కాదు, జాతర. హార్మోనియం పక్కన పెట్టి నేర్పే ఆలోచన కూడా మానుకో. దాని మెట్ల మధ్య గమకానికి, అంటే స్వరాన్ని ఊపి జార్చడానికి, చోటు లేదు, సన్నాయి ప్రాణమంతా అక్కడే ఉంది.

మోహన కంటే ముందు ఇంకో పాఠం ఉంది, నీ సిలబస్‌లో దానికి ఒక్క పంక్తి కూడా లేదు. పీక, అంటే సన్నాయి కొసన పెట్టి ఊదే నాలిక. పీక నోట్లో ఎంతసేపు నానాలి, పీక నోరు ఎంత తెరుచుకుంటే ఏ స్వరం కిందికి జారుతుంది, ఎండాకాలం ఎందుకు మొండికేస్తుంది, వాన రోజు ఎందుకు మెత్తబడుతుంది, ఇవన్నీ పాఠాలే. మీ తాతగారి సన్నాయికి దారం కట్టి వేలాడే పీకలు, సూది గుర్తున్నాయి కదా? పిల్లలు వాటిని అలంకారం అనుకుంటారు. మొదటి నెలంతా పీకతోనే గడిచినా ఫరవాలేదు. రెండో నెల నుంచి రోజూ ఒకే స్వరాన్ని నిలకడగా, ఎగుడుదిగుడు లేకుండా ఊదించు. విసుక్కుంటారు, విసుక్కోనీ. తుత్తుకారం, అంటే నాలుకతో స్వరాన్ని విడగొట్టడం, శ్వాస నిలబడ్డాకే చెప్పు.

గది సంగతి ఇప్పుడే మాట్లాడుకో. ఊరేగింపులో ఊరంతా వినపడాలని చేసిన వాద్యం అది. పక్క గదిలో వీణ క్లాసు ఉంటే నెల తిరక్కుండా నీ మీద ఫిర్యాదు వెళుతుంది, ఆ ఫిర్యాదులో న్యాయం ఉంటుంది కూడా. వరండా చివరి గది గానీ, పొద్దున్నే ఆవరణలో చెట్టు కింద గానీ అడుగు.

వాద్యాన్ని మార్చవచ్చా అని అడిగావు. భయపడకుండా మార్చు. హిందుస్తానీ విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ చేతిలో వెదురు వేణువు 32 అంగుళాల దాకా సాగింది, ఆ గంభీరమైన కింది స్వరాలు వచ్చాకే ఖయాల్ అనే హిందుస్తానీ గాన పద్ధతి దానిమీద నిలబడింది. నాదస్వర విద్వాంసుడు రాజరత్నం పిళ్ళై తిమిరి అనే పొట్టి నాదస్వరం వదిలి బారి అనే పొడుగాటిది పట్టుకున్నారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విన్న కద్రి గోపాల్‌నాథ్ దాని మీటల్లో మార్పులు చేయించుకొని మరీ కర్ణాటక సంగీతం పలికించారు. వీళ్ళలో ఎవరూ వాద్యానికి పూజ చేస్తూ కూర్చోలేదు. నువ్వూ పనివాడి పక్కన కూర్చొని కొలతలు మార్చించు. మార్చేముందు పాతదాన్ని ఒకటి అలాగే దాచిపెట్టు, పోల్చి చూసుకోవడానికి.

ఇక మనుషుల సంగతి. కొందరు తల్లిదండ్రులు "వేణువైతే నేర్పించండి, సన్నాయి వద్దండీ" అంటారు. కారణం పైకి చెప్పరు. నీకూ నాకూ తెలుసు. ఏ కులం వాళ్ళు ఊదుతారన్న లెక్క వాళ్ళ తలలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. వాదించకు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా గురించి చెప్పు. తమిళ దేశం వెళ్ళి తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆడపిల్లలకు ఊపిరి చాలదనే పెద్దమనుషులు తగిలితే, ఆయన శిష్యులు కలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చిందని గుర్తు చెయ్యి.

ఊళ్ళలో ఇంకా ఊదుతున్న పెద్దవాళ్ళను క్లాసుకు పిలువు. వాళ్ళకు సర్టిఫికెట్లు ఉండవు కాబట్టి ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరు. గెస్టు లెక్చరరుకు ఇచ్చినంతా ఇమ్మని రాతపూర్వకంగా అడుగు. శాలువా కప్పి, టీ ఇచ్చి పంపించడం మాత్రం చెయ్యకు, అది నాకు ఒళ్ళు మండే పని. పిలిచేముందు పంచాంగం చూసుకో. మాఘంలో, శ్రావణంలో ముహూర్తాలు వదులుకొని రారు, రమ్మనడం న్యాయమూ కాదు. ఆషాఢంలో, మూఢంలో వాళ్ళకు తీరిక ఉంటుంది, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం కూడా అవసరం.

వాళ్ళు వచ్చినప్పుడు త్యాగరాజ కృతులు ఊదమనకు. ఎదురుకోలు, నలుగు, తలంబ్రాలు, అప్పగింతలు, ఒక్కోదానికి వాళ్ళింట్లో ఏం ఊదేవారో అడుగు, ఫోన్‌లో రికార్డు చేసుకో. అందులో ఆనందభైరవి రాగం నీడలు ఎన్ని కనిపిస్తాయో నువ్వే చూస్తావు. వాటిలో నాలుగైదు రెండో ఏడాది పాఠాల్లో పెట్టు, కచేరీల్లో ముందుగా వినిపించే వర్ణంతో సమానంగా మార్కులు వెయ్యి. మార్కులు లేనిది పిల్లలు నేర్చుకోరు, అది మన విద్యావిధానం మహిమ.

చిత్తుప్రతి మళ్ళీ రాసి ఈ నెలాఖరుకు పంపు. వాట్సాప్‌లో ఫోటోలు వద్దు, నా కళ్ళకు ఆనవు. కాగితం మీద, పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ వదిలి పంపితే దిద్ది పంపిస్తాను. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ వేణువు మాస్టారు