కెర్‌విజ్: చిన్నపిల్లల క్విజ్‌లో రేసు ఎందుకు పెట్టారు?

కెర్‌విజ్ బ్రిటన్‌లో బీబీసీ వాళ్ల పిల్లల ఛానల్ సీబీబీస్‌లో 2008లో మొదలైన షో. ఆ ఛానల్ ప్రధానంగా బడికి వెళ్లని, అప్పుడే వెళ్లడం మొదలుపెట్టిన పిల్లల కోసం. క్విజ్‌మాస్టర్‌గా జేకబ్ సిపియో ఒక్కడే నిజం మనిషి, పోటీదారులంతా కంప్యూటర్ బొమ్మలే. జట్లు మూడు: నింకీ-పిప్, ట్విస్ట్-స్నౌట్, కిట్-కబూడుల్. ముందు ప్రశ్నలు, చివర్లో పాడ్‌లనే బుల్లి వాహనాల్లో రేసు.

ఇక అసలు ప్రశ్న, పిల్లల క్విజ్‌లో రేసు ఎందుకని. నాకు తోచిన కారణం ఇదీ: నాలుగేళ్ల పిల్లకి "నీకు ఇరవై పాయింట్లు" అంటే ఏం అర్థమవుతుంది? పెద్ద అంకెలకు వాళ్ల దగ్గర ఇంకా బరువు లేదు. అందుకే ఇక్కడ క్విజ్‌లో సంపాదించింది "పాడ్ మాడ్" రూపంలో, అంటే రేసులో పనికొచ్చే ఒక హంగుగా వాహనానికి చేరుతుంది. జవాబు చెప్పినందుకు ఏం వచ్చిందో కంటికి కనబడుతుంది, కాసేపట్లో అది పనిచేయడమూ చూస్తారు. షో మొత్తంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే.

ఇంకో లాభం, ప్రశ్నల దగ్గర కుదురుగా కూర్చోని పిల్లలు కూడా రేసు కోసం ఆగుతారు. (మా ఇంట్లో అయితే రేసు మొదలవగానే సోఫా చేతులన్నీ స్టీరింగులే.)

చదువు పరంగా మరీ ఎక్కువ ఆశించకండి. పక్కన కూర్చుని, బొమ్మలకన్నా ముందు మీ పాప చేత జవాబు చెప్పిస్తే అసలు ఉపయోగం అక్కడుంది.