గ్రూపు ప్రాజెక్టుకి అందరికీ ఒకే మార్కా?

ప్రశ్న: కోనసీమలో ఓ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ధవళేశ్వరం నుంచి మా ఊరి పంట బోదె (పొలాలకి నీళ్లిచ్చే పిల్లకాలవ) దాకా గోదావరి నీళ్లు ఎలా వస్తాయో చార్టు వెయ్యమని తొమ్మిదో తరగతికి ఐదుగురేసి గ్రూపులు చేసి ప్రాజెక్టు ఇచ్చాను. ఒక గ్రూపులో అంతా ఒకమ్మాయే చేసిందట. నేను అందరికీ పదికి 8 వేశాను. వాళ్లమ్మగారు వచ్చి, "మా పిల్ల రాత్రి పన్నెండింటిదాకా కూర్చుందండి, చార్టు కొనిచ్చినోడికీ అదే మార్కా మేడమ్?" అన్నారు. ఎలా వెయ్యాలి?

జవాబు: ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదండీ. కాకపోతే తేడా వచ్చింది మార్కుల దగ్గర కాదు, పని మీ కళ్లముందు జరగకపోవడం దగ్గర. ఊడ్పులు చూసే ఉంటారు, ఎకరానికి ఇంతని గుత్తకి ఒప్పుకుని పదిమంది దిగుతారు, డబ్బు సమానంగా పంచుకుంటారు, పెద్దగా గొడవలుండవు, ఎందుకంటే వరసలో ఒకరు వెనకబడితే గట్టు మీదున్నవాడికీ తెలిసిపోతుంది. అలా కనబడనిచోట పెద్దాళ్లూ తగ్గిస్తారు. రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు 1913లో అచ్చువేసిన తాడు లాగుడు లెక్కల్లో, ఎనిమిదిమంది కలిసి లాగితే ఒక్కొక్కరి బలం ఒంటరిగా లాగినదాంట్లో సగానికి వచ్చేసింది. (అంతా బద్ధకమే కాదు, అందరూ ఒకేసారి లాగడం కుదరకపోవడం కూడా.)

అందుకని సగం పనైనా క్లాసులోనే చేయించండి. చార్టుకి 4 మార్కులు, అవి అందరికీ ఒకటే. మిగతా 6 ఎవరివి వాళ్లకి. చీటీ తీసి, పేరొచ్చినవాణ్ణి తను చెయ్యని భాగం మీద అడగండి. చార్టు కొన్న కుర్రాణ్ణి పిలిచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు ఎక్కడ చీలతాయో వేలుపెట్టి చూపించమనండి, వేలు పాపికొండల మీదకి పోయిందంటే ఇంక మీరేం అడగక్కర్లేదు.

అయితే కాలవగట్టు మీద నడిచెళ్లి లస్కరుని (కాలవ నీళ్లు చూసుకునే మనిషిని) నీళ్ల వంతుల గురించి అడిగొచ్చినవాడు చార్టులో కనబడడు, వాడి కోసం ఏ రోజు ఎవరేం చేశారో ఒక పేజీ రాయించి ఐదుగురి చేతా సంతకాలు పెట్టించండి. పిల్లలు ఒకరికొకరు మార్కులు వేసుకోవచ్చు గానీ దాంతో ఒక మార్కుకి మించి అటూ ఇటూ అవనివ్వకండి, బెంచీ స్నేహాలు, వీధి గొడవలు అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

ఇంకోటి, ఆ అమ్మాయిని కూడా ఓసారి కదపండి. చేతిరాత బాగోదని మిగతావాళ్లని చార్టు ముట్టుకోనివ్వని ఫస్టుర్యాంకర్లు నాకు బాగా తెలుసు, ఇంట్లోనే ఒకరున్నారు.

ఈసారి వేసిన 8 మాత్రం కదపకండి. ముందు చెప్పని రూలుతో మార్కులు కోస్తే, రేపు మీ దగ్గరికి మిగతా నలుగురి అమ్మలూ వస్తారు.