‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అంటే చెల్లుతుందా?

సందేహం: మాది రాజోలు దగ్గర పల్లె. నాలుగేళ్ల మనవరాలికి విజయవాడలో రూ.3,800 పెట్టి కెమెరా ఉన్న వీడియో బొమ్మ కొన్నాను. పిల్లను పేరుతో పిలిచి ప్రశ్నలడుగుతుంది. పది రోజులకే ఛార్జింగ్ పెడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు లేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమని బిల్లు మీదే ఉందంటున్నాడు షాపాయన. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఛార్జింగ్ ఆపండి, బొమ్మను పిల్లకు అందకుండా పెట్టండి. పారేయకండి. సెల్‌ఫోన్ రిపేరు షాపులో విప్పించనూ వద్దు. విప్పితే లోపం మీవల్లే వచ్చిందంటారు. అవసరమైతే వినియోగదారుల కమిషనే (కొనుగోలుదారుల కేసులు తేల్చే కోర్టు లాంటిది) దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపుతుంది.

బిల్లు మీది ఆ ఒక్క వాక్యం చూసి ఎంతోమంది నోరు మూసుకుని వెళ్లిపోతారు. అదే నాకు బాధ. లోపం ఉన్న వస్తువుకు ఆ మాట వర్తించదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకుంటే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వాలి. కాదనడం అనుచిత వ్యాపార పద్ధతే. కాబట్టి ఈ వారమే స్పీడ్ పోస్టులో షాపుకు ఉత్తరం రాయండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి.

ఐఎస్ఐ గుర్తు లేకపోవడం మీకు పెద్ద బలం. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. సీఈ అనే యూరప్ గుర్తు ఉన్నా దానికి బదులు కాదు. డబ్బా నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో విడిగా ఫిర్యాదు చెయ్యండి.

షాపువాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యండి. విజయవాడ తిరగక్కర్లేదు, మీరు ఉండే ప్రాంతం ఏ కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే వెయ్యొచ్చు. రూ.5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు ఉండాలనీ లేదు. కేసు వెయ్యడానికి గడువు రెండేళ్లు. డబ్బుతోపాటు పరిహారం, ఖర్చులు కూడా అడగండి.

మరొకటి. పిల్ల పేరు, ఫొటో ఆ బొమ్మ యాప్‌లో ఎక్కించారా? 2015లో వీటెక్ అనే బొమ్మల కంపెనీ సర్వర్లు హ్యాకైనప్పుడు లక్షలమంది పిల్లల వివరాలు బయటపడ్డాయి. బొమ్మను తిరిగి ఇచ్చేముందు అందులోని ఫొటోలు, యాప్‌లోని ఖాతా తుడిచేసి, వివరాలు తొలగించమని కంపెనీకి మెయిల్ పెట్టండి. బొమ్మ అప్పగించేటప్పుడు రసీదు తీసుకోకుండా మాత్రం రాకండి.