ఇంటి పన్ను కట్టొద్దంటున్న మా బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

సత్యనారాయణపురంలో నువ్వు వీధంతా కూడగట్టి, పెంచిన ఇంటి పన్ను కట్టొద్దంటున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. టెన్షన్ ఎంతో, మన ఇంటి పిల్ల నిలబడి అడుగుతోందన్న గర్వమూ అంతే.

మన మాట అడక్కుండా పెంచిన పన్ను ఎందుకు కట్టాలన్న నీ మాటలో న్యాయముంది. ఇక్కడ గుంటూరులో 2010లో పాలకవర్గం గడువు ముగిస్తే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. గడువు తీరేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243-యు అధికరణలో ఉంది. అయినా అన్నేళ్ళు మా తరఫున చెయ్యెత్తే కార్పొరేటర్ ఒక్కడూ లేకుండానే బ్రాడీపేటలో పన్ను కట్టాం.

రసీదులన్నీ జాగ్రత్త చెయ్యి. నోటీసులో రాసిన గడువు దాటకుండా ఎవరింటికి వాళ్ళు అభ్యంతరం రాసివ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

ఇక నా సంగతి విను. మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు. తొంభైల్లో ఉద్యోగానికి వేరే ఊళ్ళో ఉన్నాను, అక్కడా పన్ను పెంచారు. కాలనీ సంఘానికి నేనే కార్యదర్శిని. మున్సిపల్ పన్ను కట్టబోమని ఊరంతా ఎదురు తిరిగిన చీరాల-పేరాల కథ ఆవేశంగా చెప్పి అందరిచేతా కట్టబోమని సంతకాలు పెట్టించాను. వీధి చివర కుట్టుమిషన్ మీద బతికే ఒక పిన్నిగారు, ఒంటరి మనిషి, "నువ్వు చెబితే సరే నాయనా" అని వేలిముద్ర వేసింది. ఏడాదిన్నర గడిచింది, బకాయి మీద వడ్డీ పెరుగుతూ పోయింది. జీతగాళ్ళు ఒక్కొక్కళ్ళే చప్పుడు చెయ్యకుండా కట్టేసుకున్నారు. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, నేనూ ఒక్క పూటలో మొత్తం కట్టేసి సామాను లారీకెక్కించాను. ఆవిడ గుమ్మం ముందు నుంచే వెళ్ళాను తల్లీ, ఆగి ఒక్క మాట చెప్పలేదు. ఆవిడ కుళాయి తీసేశారని, రెండు వీధుల అవతల బోరింగు నుంచి బిందెలు మోస్తోందని ఆర్నెల్ల తర్వాత ఉత్తరంలో తెలిసింది. మనియార్డరు పంపితే తిరిగొచ్చింది.

చీరాల కథలో నేను వదిలేసిన ముక్క ఒకటుంది. 1921లో గాంధీగారు వచ్చి వెళ్ళాక వేలమంది ఇళ్ళు వదిలి ఊరవతల రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్నారు. ఉద్యమం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వాళ్ళ మధ్యే ఉన్నాడు, కాపలాకి, పనులకి ఆయన కూడగట్టిన వాలంటీర్ల దళం రామదండు ఉంది. అంత ఏర్పాటున్నా, ఆయన్ని జైల్లో పెట్టాక, పదకొండు నెలలకి జనం వెనక్కి రావాల్సి వచ్చింది. నా దగ్గర ఏముంది? సంతకాల కాగితం ఒకటి.

నీకు బుద్ధి లేదా, ముందుచూపు లేకుండా ఇంతమందిని దింపుతావా అని కోప్పడదామనే మొదలుపెట్టాను. చిన్నప్పుడు రేషన్ క్యూలో ముసలమ్మని వెనక్కి తోశారని నువ్వు ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

నాకు మీ వీధి ఇళ్ళ జాబితా పంపు. పెన్షన్ మీద బతికేవాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు ఉన్న ఇళ్ళకి గుర్తు పెట్టు. వాళ్ళు పన్ను కట్టేసి అర్జీలో మాత్రం సంతకం పెడతారు, కట్టకుండా ఆగేది జీతాలున్నవాళ్ళు. వడ్డీ పడితే పంచుకోవడానికి ఒక నిధి పెట్టండి, మొదటి అయిదు వేలు నావి. ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను, గుర్తు పెట్టిన ప్రతి ఇంటికీ నన్ను తీసుకెళ్ళు.

మీ పెదనాన్న