అబ్బాయి బెంచీ మీద ఉన్నాడు సరే, అమ్మాయి మాటేమిటి?

ఖమ్మం నుంచి వెళ్లి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో స్థిరపడిన ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. కొడుకు ఒహాయోలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చదువుతూ అక్కడి డివిజన్ వన్ (అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి) బాస్కెట్‌బాల్ జట్టులో చేరాడు. స్కాలర్‌షిప్ లేదు, ‘వాక్ ఆన్’ అంటారు అలాంటి వాళ్లను. ఈ ఏడాది మ్యాచ్‌లలో దించకుండా ‘రెడ్‌షర్ట్’గా ఉంచుతామని కోచ్ చెప్పాడట. “ఇంత ఫీజు కట్టి పంపింది తువ్వాళ్లు అందించడానికా? కోచ్‌కు ఉత్తరం రాయనా, వేరే కాలేజీ జట్టుకు మారేలా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టించనా, ఆట మానిపించి కంప్యూటర్ సైన్స్ మీదే దృష్టి పెట్టమననా?” అని అడుగుతున్నారు.

అయ్యా,

ముందు మీ ప్రశ్న తేల్చేస్తాను, దానికి ఎక్కువసేపు పట్టదు. కోచ్‌కు ఉత్తరం రాయకండి. రాస్తే జట్టంతటి ముందూ తలవంపులు మీ అబ్బాయికే. పోర్టల్‌లో పేరు పెట్టించడం మీ చేతిలో పని కాదు. ఆటగాడు తానే కోరాలి, కాలేజీ ఆ పేరు ఎక్కించాలి. అయినా ఒక్క నిమిషమైనా మ్యాచ్ ఆడని కుర్రవాణ్ని ఇంకో కోచ్ ఏం చూసి పిలుస్తాడు? ఇక ఆట మానిపించడమంటారా, పద్దెనిమిదేళ్లు నిండినవాడు. మానాలో వద్దో వాడు చూసుకుంటాడు.

రెడ్‌షర్ట్‌ను శిక్ష అనుకుంటున్నట్టున్నారు. చాలాకాలంగా ఉన్న నిబంధన ప్రకారం ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడవచ్చు. ఆడని ఏడాది ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి దాన్ని ముందే వాడుకుని ఒళ్లు గట్టిపరచుకోమంటున్నారు. హైస్కూలు నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్లవాడు ఇరవై రెండేళ్ల వాళ్ల భుజాలను తట్టుకోవాలి కదా. పైగా సాధనలో ఇలాంటి కుర్రాళ్లకు చాలా పని ఉంటుంది. వచ్చే వారం తలపడబోయే జట్టు ఎత్తుగడలు నేర్చుకుని, ఆ జట్టు తామే అయినట్టు సొంత జట్టులోని మేటి ఐదుగురి మీద ఆడి చూపించాలి. రోజూ దెబ్బలు తింటూ నేర్చుకునే చదువు అది. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, మీరు వాణ్ని అడిగినట్టు లేరు.

సిమ్ భుల్లర్ పేరు వినే ఉంటారు. టొరంటోలో పుట్టిన పంజాబీ, ఏడడుగుల అయిదంగుళాల మనిషి. న్యూ మెక్సికో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి ఏడాది ఆయనా మ్యాచ్ ఆడలేదు. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్ తరఫున దిగి, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడయ్యాడు. అక్కడ ఆడినవి మూడే మ్యాచ్‌లు. తర్వాత తైవాన్ వెళ్లి ఆటనే బతుకుతెరువు చేసుకున్నాడు. మీకు ఆశ పెట్టడానికి చెప్పడం లేదు. ఆ దారి ఎంత ఇరుకో తెలిసినవాళ్లు తొలి సీజన్‌లోనే లెక్కలు తీయరని చెబుతున్నాను.

ఇప్పుడు మీరు అడగని సంగతికి వస్తాను. మూడు పేజీల ఉత్తరంలో మీ అమ్మాయికి దక్కినవి నాలుగు వాక్యాలు. తమ్ముడి ఫీజులకు ఇబ్బంది కాకుండా ఇంటి దగ్గరి విశ్వవిద్యాలయంలోనే ఫార్మసీలో చేరింది. చదువుకు తన పేరుతోనే రుణం తీసుకుంది. శని ఆదివారాలు మందుల దుకాణంలో పనిచేస్తోంది. సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ఆ అప్పు సంగతి ఎవరికీ చెప్పవద్దన్నారు. ఇవన్నీ రాసి, “తను అర్థం చేసుకుంటుంది” అని ముగించారు.

ఆ తర్వాత రాసిన ముక్క నన్ను కదిలించింది. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అందరూ మ్యాచ్ చూస్తున్నారు. ఆట మధ్యలో విరామం వస్తే మీ అబ్బాయి బెంచీ చివరి నుంచి లేచి ఆటగాళ్లకు తువ్వాళ్లు, నీళ్ల సీసాలు అందించాడు. అది చూసి అమ్మాయి చప్పట్లు కొట్టింది. మీరు ల్యాప్‌టాప్ మూసేశారు. రెడ్‌షర్ట్ సంగతి తమ్ముడు తనకు ముందే చెప్పాడని అప్పుడు బయటపడింది. ఆ రోజు నుంచి మీరు ఆమెతో మాట్లాడడం లేదు. అన్నం తిన్నదా లేదా కూడా మీ ఆవిడను అడిగి తెలుసుకుంటున్నారు.

మీ కోపం కోచ్ మీద కాదండీ. కొడుకు తన కష్టం మీకు చెప్పకుండా అక్కకు చెప్పుకున్నాడని. ఎందుకు చెప్పాడో ఆ ల్యాప్‌టాప్ మూసిన తీరులోనే తెలుస్తోంది. తువ్వాలు అందించినా వాడు ఆ జట్టువాడే అని ఆమెకు కనిపించింది. మీకు కనిపించింది ఫీజు.

పిల్లల కోసం అప్పు చేయని తండ్రి మన ఇళ్లలో ఎక్కడున్నాడు? మీరూ చేయండి, నేను కాదనను. కానీ కొడుకు ఆటకు దారి చూపడానికి కూతురు అప్పు చేసి, దాన్ని దాచుకుని, పైగా చప్పట్లు కొట్టినందుకు మీ మౌనం భరించాలా? ఇది నాకు సహించదు. ఆడపిల్ల సర్దుకుంటుందన్న ధీమాతో పెద్దవాళ్లు చేసే అన్యాయాలు చాలానే చూశాను, అందులో చదువుకున్నవాళ్లకూ చదువులేనివాళ్లకూ తేడా ఏమీ లేదు.

ఈ వారాంతంలో ఆమె పని ముగించుకుని వచ్చాక మీరే కూర్చుని మాట్లాడండి. మీ ఆవిడ చేత కబురు పంపకండి. క్షమాపణ మాటలు నోటికి రాకపోతే రుణం కాగితాలు తెమ్మనండి. ఎంత ఉందో, నెలకు ఎంత కట్టాలో, అందులో మీరు మోసేది ఎంతో ఆమె ముందే రాయండి. కొడుకు మీద పెట్టే ఖర్చు పక్కనే ఆ అంకె కూడా ఉండాలి. సంబంధం వాళ్లకు అప్పు సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. నన్నడిగితే చెప్పమనే అంటాను. తన చదువు భారం తానే మోస్తున్న పిల్లను చూసి వెనక్కి తగ్గే ఇల్లు తగ్గడమే మేలు.

సీజన్ ముగిశాక కోచ్‌లు ఒక్కో ఆటగాణ్ని కూర్చోబెట్టి వచ్చే ఏడాది సంగతి మాట్లాడడం అక్కడ మామూలే. మీ అబ్బాయి వంతు వచ్చినప్పుడు ఏం తేలినా వాడు ముందు అక్కకే ఫోను చేస్తాడు. చేయనివ్వండి. ఆ రోజు మీరు ఆమెతో మాట్లాడుతూ ఉంటే, సాయంత్రానికల్లా మీకూ తెలుస్తుంది.