గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్న

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. సెప్టెంబరు నెలాఖరున, దసరాల్లో, రాత్రి 9.20కి మాకు పాప పుట్టింది. తెనాలిలో మా అత్తగారు వాళ్ల సిద్ధాంతిగారి చేత జాతకం రాయించారు. మూలా నక్షత్రం మొదటి పాదమనీ, తండ్రికి గండమనీ, శాంతి జరిగేదాకా తండ్రి బిడ్డ ముఖం చూడకూడదనీ చెప్పారట. అప్పటినుంచి మావారు హాల్లో పడుకుంటున్నారు. ఇంకొకరిని అడుగుదామని ఆన్‌లైన్‌లో ఒక జ్యోతిష్యుణ్ణి పట్టుకున్నాను. మొదటి 5 నిమిషాలు ఉచితమన్నాడు, తర్వాత నిమిషానికి ఇంత అన్నాడు. ఇప్పుడేమో 27వ రోజులోపు హోమం చేయించాలి, 1,80,000 రూపాయలు పంపమంటున్నాడు. ఎవరికైనా చెబితే ఫలితం ఉండదట. మా తమ్ముడి చేత యూపీఐలో 25,000 పంపించాను. మావారికి తెలియదు. ఇవాళ్టికి 19 రోజులు. రాత్రిళ్లు ఒక్కదాన్నే లేస్తున్నాను, ఊరికే ఏడుపొస్తోంది. పరాయి దేశంలో నమ్మకమైన సిద్ధాంతి ఎలా దొరుకుతారు? మిగతా డబ్బు పంపమంటారా?

జవాబు: పంపకండి. ఒక్క రూపాయి కూడా. గడువు పెట్టి తొందర చేసేవాడు, ఎవరికీ చెప్పొద్దనేవాడు, అడిగిన ప్రతిసారీ అంకె పెంచేవాడు సిద్ధాంతి కాదు. ఆ నంబరు బ్లాక్ చేయండి. అతను బెదిరించినా, మళ్లీ వేరే నంబరు నుంచి వచ్చినా జవాబివ్వకండి. మీ తమ్ముణ్ణి ఇండియాలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వమనండి. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు దొరికే ఆశ తగ్గుతుంది కాబట్టి ఇవాళే చెయ్యడం మేలు. 27వ రోజు దాటితే కొంప మునిగిపోతుందన్న భయం కూడా వదిలేయండి. చంద్రుడు 27 రోజుల చిల్లరకి ఒక చుట్టు తిరిగి వస్తాడు. మూలా నక్షత్రం ఈ నెల పోతే వచ్చే నెల వస్తుంది.

నేను జాతకాలు చెప్పేదాన్ని కాను. పంచాంగం చూడటం మాత్రం చిన్నప్పుడు మా తాతగారి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకే మీరు పంపిన జాతకచక్రం ఫొటోలో నా కళ్లు ముందు పై వరుస మీదికి పోయాయి. "జన్మస్థలం తెనాలి, రాత్రి 9.20" అని ఉంది. పాప పుట్టింది తెనాలిలో కాదు కదా!

ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. మీవారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి "అమ్మా, పాప, రాత్రి 9.20కి" అని ఉంటారు. అత్తగారు అదే మాట సిద్ధాంతిగారికి చేరవేశారు. ఆయన రాశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ సెప్టెంబరులో మీ గడియారానికీ ఇక్కడి గడియారానికీ 9 గంటల 30 నిమిషాల తేడా. మీకు రాత్రి 9.20 అంటే ఇక్కడ మర్నాడు ఉదయం 6.50. సిద్ధాంతిగారి లెక్క అసలు సమయం కన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంది. చంద్రుడు ఒక్కో పాదంలో ఇంచుమించు 6 గంటలుంటాడు. కాబట్టి ఆ లెక్కలో మొదటి పాదం వస్తే, నిజంగా పాప పుట్టేసరికి ఆ పాదం దాటిపోయినట్టే.

ఇంకో రకం పొరపాటు కూడా ఉంది, ముందే చెప్పి పెడతాను. కొందరు టైమును ఇండియా టైముకి సరిగ్గానే మారుస్తారు, ఊరు మాత్రం తెనాలే ఉంచేస్తారు. అప్పుడు నక్షత్రం సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే ఒక క్షణంలో చంద్రుడు ఉన్న నక్షత్రం ఎడిసన్‌కైనా తెనాలికైనా ఒకటే. లగ్నం అలా కాదు. అది ఆ ఊళ్లో తూర్పున ఉదయిస్తున్న రాశి, సుమారు రెండు గంటలకొకటి మారిపోతుంది. తెనాలి తూర్పు వేరు, ఎడిసన్ తూర్పు వేరు. అమెరికాలో ఇంకో తిరకాసు: మార్చి రెండో ఆదివారం గంట ముందుకీ, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కీ జరుపుతారు కదా. ఆ నవంబరు తెల్లవారుజామున ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. ఆ వేళప్పుడు పుట్టిన పిల్లలకు ఏ ఒంటిగంటన్నరో ఆసుపత్రిలో అడిగి రాయించుకోవాల్సిందే. మీ పాపకి ఆ గొడవ లేదు.

"అయితే గండం లేనట్టేగా" అని మీరు ఊపిరి పీల్చుకునేలోపు ఒక మాట. లెక్క సరిచేస్తే రెండో పాదమో మూడో పాదమో వస్తుంది. మూల మొదటి పాదం తండ్రికి, రెండోది తల్లికి, మూడోది ధనానికి దోషమనీ, నాలుగోది మంచిదనీ చెబుతారు. రేపు సిద్ధాంతిగారు మళ్లీ లెక్కేసి "రెండో పాదం" అన్నారనుకోండి. మీరు పాపకి పాలివ్వడం మానేస్తారా? మానరు. ఆ ప్రశ్న అడిగితేనే మీకు కోపం వస్తుంది. అదే కోపం మీవారి విషయంలో మీకు రాలేదు, ఆయనకీ రాలేదు. అందుకే పాదం సరిచేయించడం మంచిదే అంటాను గానీ, పాదం సరైతే లోపలికొస్తాను అనే షరతు మాత్రం ఒప్పుకోను.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం ఒకటుంది. ప్రసవం గదిలో బొడ్డు కోసింది ఆయనేనని, ఇప్పుడు పాప ఏడిస్తే గుమ్మం దాకా వచ్చి, తల తిప్పుకుని "ఏమైనా కావాలా" అని అడుగుతున్నారని రాశారు. కొన్ని ఇళ్లల్లో శాంతి అయ్యాక తండ్రి మొదట నూనెలో బిడ్డ నీడ చూసి, ఆ తర్వాతే ముఖం చూస్తాడు. మీ ఇంట్లో ఆయన చూడవలసిన ముఖం మొదటి నిమిషంలోనే చూసేశారు. తెలియక ముందు చూసిన చూపుకి లేని దోషం తెలిశాక చూస్తే వస్తుందా? ఈ మాట ఆయన్నే అడగండి, దెప్పినట్టు కాకుండా. ఆయన భయపడుతున్నది తన ప్రాణం గురించి కాదని నా అనుమానం. అక్కడ అమ్మ అన్నం మానేసి కూర్చుంటుందేమోనని. పరాయి దేశంలో ఉన్న కొడుకులకు తల్లి మాట కాదనడం పక్కూళ్లో ఉన్నవాళ్లకంటే కష్టం. దూరంగా ఉండి తప్పు చేస్తున్నామన్న భావం ఒకటి ఎప్పుడూ వెంటాడుతుంటుంది.

కాబట్టి అత్తగారితో మీరు మాట్లాడకండి, ఆయన మాట్లాడాలి. "అమ్మా, నేను టైమ్ చెప్పడంలో పొరపాటు చేశాను, అమెరికా టైమని చెప్పలేదు" అని తప్పు తన మీద వేసుకుంటే ఆవిడకీ మర్యాద నిలుస్తుంది, సిద్ధాంతిగారికీ నిలుస్తుంది. సిద్ధాంతిగారికి పంపాల్సింది ఇంతే: ఊరు ఎడిసన్, అక్కడి టైమ్ రాత్రి 9.20, గంట ముందుకి జరిపిన టైమ్, మన లెక్కలో మర్నాడు ఉదయం 6.50, అక్షాంశం 40.5 ఉత్తరం, రేఖాంశం 74.4 పడమర. దృక్ గణితంతో, అంటే ఆకాశంలో గ్రహాలు నిజంగా కనబడే చోటుకి సరిపోయే లెక్కతో, చేస్తారో, పాత గ్రంథాల సూత్రాలతో పూర్వ పద్ధతిలో చేస్తారో కూడా అడగండి. ఒకే టైమ్ ఇచ్చినా ఆ రెంటికీ పాదం తేడా రావచ్చు, ఇద్దరు సిద్ధాంతులు రెండు రకాలుగా చెబితే ఒకరు మోసగాడని అనుకోనక్కర్లేదు.

మూల అంటే అత్తగారికి అంత భయమైతే ఇంకో సంగతి గుర్తుచేయమనండి. దసరాల్లో బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతీ అలంకారం చేసేది మూలా నక్షత్రం రోజునే, అది అమ్మవారి జన్మనక్షత్రమని. తెనాలి నుంచి బెజవాడ ఎంత దూరం గనక, ఆవిడ ఎన్నోసార్లు ఆ క్యూలో నిలబడే ఉంటారు. ఆవిడకి శాంతి చేయించాలనే ఉంటే అక్కడే, ఆవిడ చేతుల మీదుగా, వాళ్ల ఊరి గుళ్లో మామూలు ఖర్చుతో చేయించమనండి. మీరు ముగ్గురూ వీడియోలో కూర్చోండి. ముగ్గురూ అన్నాను.

ఇక మీరడిగిన ప్రశ్న. అక్కడే చూపించుకోవాలంటే గుడి నుంచి మొదలుపెట్టండి. మీకు బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గరే. అర్చకులందరూ జాతకాలు చూడరు, గుడిపూజల శాస్త్రమైన ఆగమం వేరు, జ్యోతిషం వేరు. కానీ నిజంగా చదువుకున్నవాళ్లెవరో వాళ్లకి తెలుస్తుంది. ఇక్కడివాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటే తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం లాంటి చోట జ్యోతిషం చదివినవాళ్లని వెతకండి. ఎవరైనా సరే, వాళ్లు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న వినండి. "ఏ ఊళ్లో పుట్టింది, అప్పుడు గడియారం జరిపి ఉందా" అని అడిగితే కూర్చోండి. "ఏం కష్టమొచ్చింది తల్లీ" అని మొదలుపెడితే ఫోన్ పెట్టేయండి. దక్షిణ ముందే ఇంతని చెప్పాలి, నిమిషాల లెక్క ఉండకూడదు. ఒక్కరి దగ్గరే చూపించుకోండి. పాపకి నెల నిండేదాకా అదీ వద్దు, ఇప్పుడు మీకున్న నిద్రలేమిలో ఎవరేం చెప్పినా భయమే మిగులుతుంది.

ఆ ఏడుపు సంగతి. కాన్పయ్యాక మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. 19వ రోజుకీ తగ్గలేదంటే మీ డాక్టరుకి చెప్పాలి, ఆరు వారాల చెకప్ దాకా ఆగకండి. అమెరికాలో తల్లుల కోసం 1-833-852-6262 అనే ఉచిత నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంటర్‌ప్రెటర్‌నీ అడగొచ్చు. పాపకో మీకో హాని చేసుకోవాలన్న ఊహ ఒక్కసారి వచ్చినా 911కి చేయండి.

పాతిక వేలు పోయిన సంగతి మీవారికి ఇవాళే చెప్పేయండి. ఆయన హాల్లో పడుకోవడానికీ మీరు దొంగతనంగా డబ్బు పంపడానికీ మూలం ఒకే కాగితం, కోప్పడే హక్కు ఇద్దరికీ సమానమే. చెప్పాక ఆ దిండూ దుప్పటీ గదిలోకి తెప్పించండి. రాత్రి రెండు గంటల పాలు మీరివ్వండి. తర్వాత పాపని భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరే పని ఆయనకప్పగించి, మీరు అటు తిరిగి పడుకోండి.