ఓస్వాల్డ్ ఏలింది 8 ఏళ్లా, 9 ఏళ్లా?

ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజు ఓస్వాల్డ్ 9 ఏళ్లు ఏలాడని పాతకాలపు చరిత్రకారుడు బీడ్ రాశాడు. మీకు 8 వచ్చిందా? మీ కూడిక తప్పు కాదు. 634లో హెవెన్‌ఫీల్డ్ యుద్ధం గెలిచి రాజైనప్పటి నుంచి 642లో మేసర్‌ఫీల్డ్ యుద్ధంలో చనిపోయేదాకా 8 ఏళ్లే. బీడ్ 9 అన్నది, చెరిపేసిన ఒక ఏడాదిని కలిపి.

1. లెక్క 633 అక్టోబరు 12న, హాట్‌ఫీల్డ్ యుద్ధంలో అంతకుముందు రాజు ఎడ్విన్ చనిపోయిన రోజు నుంచి మొదలుపెట్టండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ తర్వాత నార్తంబ్రియా రెండు భాగాల్లో డేరాను ఓస్రిక్, బెర్నీషియాను ఈన్‌ఫ్రిత్ ఏలారు. ఇద్దరూ క్రైస్తవం విడిచారు, ఇద్దర్నీ శత్రువైన వెల్ష్ రాజు కాడ్వాలనే చంపాడు. ఆ ఏడాదిని తలుచుకోవడం ఇష్టంలేక, రాజుల కాలం లెక్కగట్టేవాళ్లు వాళ్ల పేర్లు తీసేసి దాన్ని ఓస్వాల్డ్ ఖాతాలో వేశారు. (ఈన్‌ఫ్రిత్, ఓస్వాల్డ్ ఒకే తండ్రి బిడ్డలు. అయినా లెక్కగట్టేవాళ్లు ఈన్‌ఫ్రిత్‌పై జాలి చూపలేదు.)

3. 642 ఆగస్టు 5న, మేసర్‌ఫీల్డ్‌లో ఓస్వాల్డ్ చనిపోయిన రోజున ఆపండి. సుమారు రెండు నెలలు తక్కువ 9 ఏళ్లు వస్తుంది.